నోటిమాట వినని అట్టల టీచరు

మా బళ్ళో నాలుగో తరగతి టీచరు నోటిమాట వినదు. పొద్దున గంట కొట్టిన దగ్గర్నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా ఆవిడకు ఏం చెప్పాలన్నా అట్టముక్క మీద రాసి చూపించాలి. పాపం చెవుడేమో అనుకునేరు. అంత అదృష్టం కూడానా! ఆవిడవి పాముచెవులు. మూడు గదుల అవతల సుద్దముక్క విరిగినా ఎవరు విరిచారో చెప్పగలదు. వినపడక కాదు, వినదు. అదీ నా కడుపుమంట.

నేను ఆ పక్క గదిలో మూడో తరగతి మాస్టర్ని. మా రెండు గదులకీ మధ్య ఉన్నది చెక్క అడ్డుగోడ. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నా గొంతు వినపడలేదన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. నేను ఎక్కాలు మొదలుపెడితే రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా అందుకుంటారు. అలాంటి గొంతు ఉన్నవాణ్ణి పట్టుకుని, "అట్ట చూపించండి మాస్టారూ" అంటే ఒళ్ళు మండదా? మీరే చెప్పండి.

ఒకరోజు టీచర్ల గదిలో ఆవిడ సంచిలోంచి నీళ్ళసీసా కారుతోంది. బల్ల మీద అందరి హాజరు పట్టీలూ ఉన్నాయి. పెద్దమనిషి తరహాలో చెప్పాను, నీళ్ళు కారుతున్నాయండీ అని. ఆవిడ పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ అట్టల పెట్టె వైపు వేలు చూపించింది. ఇంకో రెండుసార్లు చెప్పాను. మళ్ళీ వేలే. పళ్ళు నూరుకుంటూ అట్ట వెతికి, పెన్ను వెతికి, రాసి ఆవిడ మొహం ముందు పెట్టాను. చూసింది, లేచింది, సీసా మూత బిగించింది. ఆలోగా తడిసింది ఎవరి పట్టీ? నాదే. "మీరు రాయడం బాగా ఆలస్యమండీ" అని నాకే చురక అంటించి వెళ్ళిపోయింది.

ఈ పిచ్చి ఈ ఏడు బడి తెరిచిన రెండో వారంలో మొదలైంది. అంతకుముందు ఆవిడకు ముక్కు మీద కోపం తప్ప వేరే జబ్బేమీ లేదు. ఆ వారంలో పై నుంచి మూడు కాగితాలు వచ్చాయి. చిన్నపిల్లలకు నోటి ఆరోగ్యం నేర్పమని ఒకటి, మత్తుమందుల ప్రమాదం గురించి చెప్పమని ఒకటి, కోడింగ్ మొదలుపెట్టమని ఒకటి. మా బళ్ళో ఉన్నవి రెండు కంప్యూటర్లు. ఒకటి పనిచేయదు. రెండోదాని మీద హెడ్మాస్టరు టిఫిన్ డబ్బా పెట్టుకుంటారు. మూడు కాగితాలూ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారాయి. నేను చదివినట్టు సంతకం పెట్టి పక్కవారికి తోశాను. చివరికి ఆవిడ మూడూ లాక్కుని, "మీరెవరూ చెప్పరని నాకు తెలుసు. మూడూ కలిపి ఒకటే పాఠం చేస్తాను. నా గదిలో ఎవరూ వేలు పెట్టకండి" అని కసిరింది.

మర్నాడు చెప్పుల దుకాణంలోంచి ఖాళీ పెట్టెలు తెచ్చి ముక్కలు కోసింది. ప్రతి పిల్ల చేతికీ ఒక అట్టల కట్ట. తెరువు, మూయి, ఎడమ, కుడి, పైకి, కిందికి, మళ్ళీ, ఆగు. పాఠం ఏమిటంటే, ఆవిడ యంత్రం. పిల్లలు వరసగా అట్టలు తగిలిస్తే యంత్రం అలాగే చేస్తుంది. యంత్రం నోటిమాట వినదు. సొంత తెలివి వాడదు. కోడింగ్ అంటే అంతేనట. సరే, పీరియడు అయ్యాక యంత్రం మనిషి కావాలా వద్దా? ఈవిడ కాలేదు.

మొదటిరోజు పళ్ళు తోమడం. పిల్లలు బ్రష్ పట్టుకోమన్నారు, పేస్టు పెట్టమన్నారు, రుద్దమన్నారు. నోరు తెరవమనే అట్ట పెట్టడం మరిచిపోయారు. ఆవిడ మూసిన మూతి మీద రుద్దేసుకుంది. బుగ్గల మీంచి చెవిదాకా పేస్టు. పిల్లలు పడీపడీ నవ్వుతుంటే, ఆవిడ కళ్ళెర్రజేసి, తప్పు ఎక్కడుందో వెతకమని గద్దించింది. గంట కొట్టే వేళకి తుడుచుకోమనే అట్ట ఎవరూ పెట్టలేదు. అదే మొహంతో హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. అక్కడ ఎవరో తల్లిదండ్రులు కొత్తగా పిల్లను చేర్పించడానికి వచ్చి కూర్చున్నారు. తర్వాత వాళ్ళు మళ్ళీ కనబడలేదు.

ఇంకోరోజు 'మళ్ళీ' అనే అట్ట పెట్టారు గానీ ఎన్నిసార్లో పెట్టలేదు. ఇంకేముంది, పీరియడంతా తోముతూనే ఉంది. విరామంలో తోముతూ టీచర్ల గదిలోకి వచ్చింది. నేను టీ తాగుతూ, చిగుళ్ళు అరిగిపోతాయమ్మా, ఆపండి అన్నాను. నా మాట వింటుందా? వెనకాలే ముప్ఫై మంది పిల్లలు పరిగెత్తుకొచ్చి, 'రెండు నిమిషాలు', 'ఆగు' అని రెండు అట్టలు ఎత్తాక ఆపింది. ఆపి, నీళ్ళు పుక్కిలించి, వాళ్ళను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మీరు మరిచిపోతే యంత్రానికి తెలియదు, యంత్రం పాడైపోతుంది, పాపం కూడా అనరేంట్రా అని. పిల్లలు మాత్రం ఆవిడంటే చెవి కోసుకుంటారు. అది ఇంకో కడుపుమంట.

నోట్లోకి ఏది వెళ్ళబోయినా ముందు మూడు అట్టలు ఎత్తాలని మత్తుమందుల పాఠంలో నేర్పింది. ఇదేమిటి, ఎవరిచ్చారు, ఇంట్లో తెలుసా. ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆగు, పెద్దవాళ్ళకు చెప్పు. రంగుల గోలీలిచ్చినా, పొడి ఇచ్చినా, స్నేహితుడిచ్చినా అంతే. మంచి మాటే, కాదనను. కానీ హెడ్మాస్టరు తన పుట్టినరోజున గదిగదికీ తిరిగి చాక్లెట్లు పంచుతుంటే నాలుగో తరగతి మొత్తం మూడేసి అట్టలు ఎత్తి కూర్చుంటే ఎలా ఉంటుంది? ఆయన చాక్లెట్ కాగితం మీద అక్షరాలు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటీ చదివి వినిపించారు. మూడో అట్ట దగ్గర మాత్రం మొహం పాలిపోయింది. ఆయనకు చక్కెర జబ్బు. ఇంట్లో తెలియదు. చేతిలో ఉన్న సగం చాక్లెట్ మెల్లగా జేబులో వేసుకున్నారు.

ఇవన్నీ నేను భరించాను. నోరు మంచిదైతే ఊరు మంచిది అని సర్దుకుపోయాను. నా మేనకోడలి జోలికి వచ్చాక మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

మేనకోడలంటే మా చెల్లెలి కూతురు. పోయినేడు చెల్లెలి కుటుంబం మా వీధికి మారినప్పుడు పిల్లను మా బళ్ళోనే, నా మూడో తరగతిలోనే చేర్పించాను. ఈ ఏడు నాలుగులోకి వెళ్ళింది. ఇంట్లో అది వసపిట్ట. సాయంత్రం నేను వాళ్ళింటి మెట్లెక్కుతుంటేనే అందుకుంటుంది. పిల్లి ఎందుకు తుమ్మిందో, నాన్న చొక్కా గుండీ ఎలా ఊడిందో, అన్నీ చెప్పేస్తే గానీ ఊరుకోదు. అలాంటి పిల్ల ఒకరోజు బడి వరండాలో ఎదురైతే, భోజనం చేశావా అమ్మా అని అడిగాను. జేబులోంచి అట్ట తీసి చూపించింది. 'అవును' అని ఉంది. కూర బాగుందా అన్నాను. అదే అట్ట. అమ్మ ఏం చేస్తోంది అన్నాను. అట్టలన్నీ వెతుక్కుని, దొరక్క, తలొంచుకుని గదిలోకి పారిపోయింది.

వారం రోజులు కనిపెట్టి చూశాను. ఆటల్లో అట్టే, మంచినీళ్ళ దగ్గర అట్టే. బడి గేటు లోపల దాని నోట్లోంచి ఒక్క ముక్క రాదు. గేటు దాటి వీధి మలుపు తిరిగాక వాగుడు మొదలు. ఇంకేం కావాలి రుజువు? నోట్లో నాలుక ఉన్న పిల్లను పట్టుకుని ఈ మహాతల్లి మూగదాన్ని చేసేసింది.

వెళ్ళి నిలదీశాను. నా గొంతుకి అడ్డుగోడ చెక్కలు అదిరాయి. ఆవిడ అంతా విని, అట్ట కూడా అడగకుండా, "మీరు గట్టిగా అరవకండి మాస్టారూ" అంది. అంతే. పిల్ల సంగతి ఒక్క ముక్క లేదు. పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ సాయంత్రం చెల్లెలికి చెప్పాను, ఆవిడ సంగతి తేలుస్తాను, పైకి రాస్తున్నాను అని. అది "అన్నయ్యా, తొందరపడకు, ఆవిడ..." అని ఏదో మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చినప్పుడు ఎదుటివాళ్ళ మాట పూర్తి కానివ్వడం అలవాటు లేదు. నాలుగు పేజీలు రాసి పంపించాను. ఈ టీచరు పద్ధతి వల్ల మాట్లాడే పిల్ల మూగదైందని, ఈవిడ చేతిలోంచి తరగతి తీసేసి ఎక్కడికైనా పంపించమని. హెడ్మాస్టరు చదివి, చాక్లెట్ల సంగతి గుర్తొచ్చిందో ఏమో, వెంటనే ముద్ర వేశారు.

పదిరోజులకు తనిఖీ అధికారి వచ్చారు. బక్కపలచని మనిషి, మాట మెత్తన. ఆవిడతో ముందే చెప్పారు, ఆరోపణ నిజమని తేలితే తరగతి ఉండదు, బదిలీ తప్పదు అని. ఆవిడ సరేనంది. సంజాయిషీ రాసిచ్చారా అని అడిగితే, పాఠం చూడండి, అంతకన్నా రాసేదేమీ లేదంది. ఎంత పొగరో చూడండి.

ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. ఫిర్యాదు చేసినవాణ్ణి గనక నన్నూ ఉండమన్నారు. నేను టీచరు బల్ల పక్కన నిలబడ్డాను. రాత్రంతా కోపంతో నిద్ర లేక తల పగిలిపోతోంది. జేబులోంచి తలనొప్పి మాత్ర తీసి బల్ల చివర పెట్టి, కిటికీలో ఉన్న నా నీళ్ళసీసా కోసం వెళ్ళాను. ఆ బల్ల మీదే ఆరోజు పాఠం తాలూకు పళ్ళెం ఉంది. పళ్ళెంలో, పళ్ళెం పక్కన, తెల్లవీ పచ్చవీ మాత్రలు. బళ్ళోకి అసలు మాత్ర ఒక్కటి కూడా రాకూడదని ఆవిడ ముందురోజు స్నానం సబ్బును బ్లేడుతో గుండ్రంగా చెక్కి, నడుమ గీత కూడా గీసి తయారుచేసిందని నాకెలా తెలుస్తుంది? పిల్లలకు తెలుసు. వాళ్ళ ఎదురుగానే చెక్కిందట.

ఆవిడ మాకు వీపు తిప్పి గోడకు అట్టలు తగిలిస్తోంది. నేను తిరిగొచ్చి బల్ల మీద చేతికందిన తెల్లమాత్ర తీసుకున్నాను. చదవలేదు, చూడలేదు. చూసుకోవడానికి నేనేమైనా నాలుగో తరగతా?

ఎదురుగా ముప్ఫై అట్టలు లేచాయి. ముప్ఫై మీదా 'ఆగు' అనే ఉంది. ఒక్కడూ నోరు విప్పడు. నాకింకా మండింది. నేనేం మీ యంత్రాన్నా అని మనసులో తిట్టుకుని, మాత్ర నాలుక మీద వేసుకుని, కప్పు వైపు తలెత్తి సీసా ఎత్తాను. తలెత్తినవాడికి అట్టలు ఇంకెలా కనబడతాయి?

"మామయ్యా, మింగకు! అది సబ్బు!"

గొంతులో దిగబోతున్న నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. నోరంతా నురగ. పళ్ళు తోమే పాఠానికి పెట్టిన బకెట్ మీద వంగి ఉమ్ముతున్నకొద్దీ నురగ పెరుగుతోంది. ఇంకెవరైనా అయితే ఆ తరగతి నవ్వి నవ్వి చచ్చేది. ఒక్క పిల్ల నవ్వలేదు. ఒక్కరూ నావైపు చూడటం లేదు. తలలన్నీ మూడో బెంచీ వైపు తిరిగి ఉన్నాయి. అక్కడ నా మేనకోడలు నిలబడి ఉంది, చేతిలో అట్ట ఇంకా ఎత్తే ఉంది. తన గొంతు తనే విని భయపడ్డట్టు చూస్తోంది.

టీచరు ఇటు తిరిగింది. ఇప్పుడు తిడుతుంది, నోటితో ఎందుకు అరిచావని తిడుతుంది, అధికారి కళ్ళారా చూస్తారు అని నేను నురగలోంచే సంతోషించాను. ఆవిడ మాత్రం పిల్లవైపు ఒక్క క్షణం చూసి, "తర్వాత ఏ అట్ట? ఎవరూ పెట్టరేం? గోడ ఖాళీగా ఉంది" అని తరగతి మొత్తాన్ని కసిరింది. అందరూ ఉలిక్కిపడి అట్టల్లో పడ్డారు. పిల్ల కూడా కూర్చుని తన కట్ట వెతుక్కుంది. గోడకున్న మేకుకి తర్వాతి అట్ట తగిలించడానికి ఆవిడకు మూడుసార్లు పట్టింది. నేను గమనించాను గానీ, బదిలీ భయం అనుకున్నాను.

హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళగానే నేనే అందుకున్నాను. మాట్లాడితే ఇంకా సబ్బు బుడగలు వస్తున్నాయి. అయినా వదల్లేదు. చూశారా సార్, పిల్లకు గొంతు ఉంది, అక్షరాలా ఉంది, ఈవిడే నొక్కేసింది అన్నాను. అధికారి తన చేతిరుమాలు నాకిచ్చి, అట్టలు ఎందుకు పెట్టారో చెప్పమని ఆవిణ్ణి అడిగారు.

"పద్ధతి నాది, నా ఇష్టం. బదిలీ చేస్తే చేసుకోండి. పిల్లను మాత్రం ఈ గదిలోకి పిలవకండి, ఏమీ అడగకండి" అంది ఆవిడ. కోపంతో మొహం కందిపోయింది.

అధికారి నావైపు తిరిగారు. "మాస్టారూ, పోయినేడు పాప మీ క్లాసులోనే కదా. అప్పుడు బాగా మాట్లాడేదా?"

మాట్లాడకేం, అనబోయాను. అది అన్న మాట ఏదైనా ఉదాహరణకు చెబుదామని వెతుక్కున్నాను. ఒక్కటీ తగల్లేదు. మొదటి వారం గుర్తొచ్చింది. పాఠం చదవమని లేపితే సన్నగా మొదలుపెట్టింది. మా చెల్లెలి కూతురివై ఉండి గొంతు లేదా, గట్టిగా చదువు అని గదమాయించాను. గది అదిరింది. క్లాసంతా నవ్వింది. దాన్ని నవ్వించడానికే అలా అన్నాననుకున్నాను నేను. ఆ తర్వాత? హాజరు పిలిచేటప్పుడు మన పిల్లే కదా అని పేరు పిలవకుండా గుర్తు పెట్టేసేవాణ్ణి. నోటి పరీక్షలో అడక్కుండానే పూర్తి మార్కులు వేశాను. అల్లరి లేని పిల్ల, బుద్ధిమంతురాలు అని చెల్లెలితో మెచ్చుకున్నాను. ఏడాదంతా నా కళ్ళెదుట కూర్చున్న పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు, నాకు తెలియనే తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ గదిలో అరుపులన్నీ నావే.

"లేదండీ" అన్నాను. "ఏమీ మాట్లాడలేదు."

పంతొమ్మిదేళ్ళలో నేను అంత మెల్లగా మాట్లాడటం హెడ్మాస్టరు వినలేదట. ఏమిటీ అని రెండుసార్లు అడిగారు.

అప్పుడు టీచరు నామీద విరుచుకుపడింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా కక్కేసింది. "బడి తెరిచిన మొదటివారంలోనే చూశాను. మంచినీళ్ళు కావాలని అడగలేక కూర్చున్నచోటే ఏడ్చింది. వాళ్ళమ్మను కలిస్తే, ఇంట్లో బాగానే మాట్లాడుతుందంది. దానికొక్కదానికే అట్ట ఇస్తే అందరూ మూగపిల్ల అంటారు. అందుకని అందరికీ ఇచ్చాను. మీకూ ఇచ్చాను, హెడ్మాస్టరు గారికీ ఇచ్చాను. మీతో నిజం చెబితే ఏం చేసేవారు? మాట్లాడు, మాట్లాడు అని దాని నెత్తిన కూర్చునేవారు. కాదంటారా?"

కాదనలేదు. నేను సరిగ్గా అదే చేసేవాణ్ణి. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో మీకు చెప్పక్కర్లేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. అధికారి నాలుగు పేజీలూ నా చేతిలో పెట్టారు. చింపబోతే టీచరు లాక్కుని, ఒకవైపే రాశారు, రెండోవైపు ఖాళీగా ఉంది, దండగ చేయకండి అని సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, ఈరోజు పిల్ల అరిచిందని ఎవరైనా మెచ్చుకున్నా, చప్పట్లు కొట్టినా, ఇంట్లో వేడుక చేసినా ఊరుకోనని మా ముగ్గుర్నీ, అధికారితో సహా బెదిరించి వెళ్ళిపోయింది. ఆయన నవ్వుకుంటూ, టీచరును కదపాల్సిన పని లేదని రాసుకున్నారు.

సాయంత్రం చెల్లెలింటికి వెళ్ళాను. మేనకోడలు గుమ్మంలోనే అందుకుని పిల్లి సంగతులన్నీ చెప్పింది. సబ్బు మాట అది ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటానికి నాకెంత కష్టమైందో ఆ దేవుడికే తెలియాలి. చెల్లెలు మాత్రం నా ఎదుట టీ గ్లాసు పెట్టి, "ఆరోజు నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు" అంది. నిజమే. ఈసారి మొత్తం చెప్పనిచ్చాను. గంట పట్టింది.

తర్వాత పదిహేను రోజులు బళ్ళో దాని నోట మాట లేదు. అట్టలే. నేను ప్రతిరోజూ అడ్డుగోడకు చెవి ఆనించి వినేవాణ్ణి, సిగ్గు లేకుండా. టీచరు అటునుంచి, గోడకు చెవులు మొలిచాయి అని పిల్లలతో అనేది.

పదహారో రోజు. నేను పదమూడో ఎక్కం చెప్పిస్తున్నాను. గొంతు తగ్గించాలనే అనుకుంటాను, ఎక్కం సగంలోకి వచ్చేసరికి దానంతటదే లేస్తుంది. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. చూస్తే నా మేనకోడలు. చేతిలో అట్ట లేదు. పక్కన తోడుగా ఇంకో పిల్ల ఉంది, దాని చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. నేను ఎక్కం ఆపాను. నలభై మంది పిల్లలూ ఆగారు.

చాలాసేపు నేలకేసి చూసింది. పలకరించకూడదు, నవ్వకూడదు, గట్టిగా ఊపిరి కూడా తీయకూడదు అని నాకు నేనే చెప్పుకున్నాను.

"మామయ్యా," అంది సన్నగా, "నువ్వు అరుస్తుంటే మా క్లాసులో ఏమీ వినపడటం లేదు. మెల్లగా చెప్పు."

చెప్పేసి తుర్రుమంది. నా నలభై మందీ గొల్లుమన్నారు. నా విద్యార్థుల ముందు, నా గదిలో, నా పరువు గంగపాలు చేసి పోయింది, తొమ్మిదేళ్ళ గుంట. నేను కుర్చీలో కూర్చుని ముక్కు చీదుకున్నాను, కళ్ళద్దాలు తుడుచుకున్నాను, మళ్ళీ పెట్టుకున్నాను. అటుపక్క నుంచి చిన్న చప్పుడు కూడా లేదు. అందరూ చెవులు రిక్కించినట్టున్నారు.

అప్పుడు లేచి నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చి, పదమూడో ఎక్కం మొదటినుంచి, ఇంతకుముందుకన్నా రెట్టింపు గట్టిగా మొదలుపెట్టాను. మళ్ళీ వచ్చి తిడుతుందేమోనని.